హోండా ఈయూ2200ఐ జనరేటర్: హరికేన్ సీజన్‌లో హ్యూస్టన్ ఇంటికి సరిపోతుందా?

2024 జూలై 8న టెక్సస్ తీరంలోని మటగోర్డా దగ్గర తీరం దాటిన బెరిల్, లెక్కకు అన్నిటికంటే తక్కువ స్థాయి అయిన కేటగిరీ 1 హరికేనే. అయినా హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. గాలివాన ఒక్క పూటలో వెళ్ళిపోయింది. జనం అల్లాడింది ఆ తర్వాతి ఉక్కకు. ఇక్కడ ఏ జనరేటర్‌నైనా ఆ ఉక్క లెక్కలోనే తూచాలి. ఫ్రిజ్ ఆగకూడదు, రాత్రికి ఒక గదిలో ఏసీ నడవాలి. ఈ పనికి హోండా ఈయూ2200ఐ చక్కగా సరిపోతుంది. ఇంతకు మించి ఆశిస్తే డబ్బు దండగ.

నిలకడగా ఇచ్చేది 1800 వాట్లు, మోటార్లు స్టార్టయ్యే క్షణానికి 2200. ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు 100–200 వాట్లు తీసుకుంటుంది, కంప్రెసర్ అందుకునేటప్పుడు మాత్రం దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. 5000 బీటీయూ (చల్లబరిచే శక్తికి కొలత) విండో ఏసీకి 450–500. వైఫై, ఫ్యాను, ఫోన్లు కలిపి ఓ వంద. ఇవన్నీ ఒకేసారి నడిచినా సగం సామర్థ్యం దగ్గరే ఉంటారు. రైస్ కుక్కర్ పెట్టాలంటే కాసేపు ఏసీ ఆపండి. టేబుల్‌టాప్ గ్రైండర్‌కు బెంగ లేదు. ఇండక్షన్ స్టవ్ ఊసెత్తొద్దు. మైక్రోవేవ్ మీద 1000 వాట్లని రాసి ఉన్నా, గోడలోంచి తీసుకునేది 1500 దాకా ఉంటుంది. ఇండియా నుంచి తెచ్చిన 220 వోల్టుల మిక్సీని స్టెప్‌అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి దీని మీద తిప్పే ప్రయోగాలు కూడా వద్దు. సెంట్రల్ ఏసీ సంగతి సరేసరి, దానికి 240 వోల్టులు కావాలి, ఇది ఇచ్చేది 120 మాత్రమే.

ఇందులో ఎకో థ్రాటిల్ అనే స్విచ్ ఉంది. లోడ్‌ను బట్టి ఇంజన్ వేగం తగ్గించి పెట్రోలు ఆదా చేస్తుంది. చిక్కేమిటంటే, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఫ్రిజ్, ఏసీ కంప్రెసర్లు రెండూ ఒకేసారి అందుకుంటే ఓవర్‌లోడ్ ఎర్ర లైటు వెలిగి సప్లై ఆగిపోతుంది. ఎకో ఆపేసి, ముందు ఏసీ, రెండు నిమిషాలాగి ఫ్రిజ్ కలిపి, రెండూ కుదురుకున్నాక ఎకో వేయండి.

ట్యాంకు ఒక గ్యాలన్ కూడా పట్టదు, 0.95. పావు లోడ్ మీద ఎనిమిది గంటలు, పూర్తి లోడ్ మీద మూడు గంటల పైచిలుకు వస్తుంది. ఏసీతో పడుకుంటే తెల్లవారేలోగా ఒకసారి లేవక తప్పదు. పైగా పెట్రోలు ఎంతుందో చూపే ముల్లు లేదు, ఈ ధరకు ఇది క్షమించరాని పిసినారితనం. వేడి ఇంజన్ మీద పెట్రోలు పోయకండి. ఆపి, పావుగంటైనా చల్లారనివ్వండి. రోజుకు మూడు నుంచి నాలుగు గ్యాలన్ల పెట్రోలు లెక్క వేసుకోండి. ఐదు గ్యాలన్ల డబ్బాలు రెండుంటే మూడు రోజులు గడుస్తాయి. తుఫాను పేరు వార్తల్లోకి వచ్చిన రోజే నింపుకోవాలి, ఎందుకంటే కరెంటు పోయాక బంకుల్లో పంపులూ పనిచేయవు.

కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఆయిల్ దగ్గర. పెట్టెలో వచ్చే ఇంజన్‌లో ఆయిల్ ఉండదు, 10డబ్ల్యూ-30 రకం ఆయిల్ దాదాపు 400 మిల్లీలీటర్లు పోయాలి. మొదటి మార్పిడి 20 గంటలకు, తర్వాత ప్రతి 100 గంటలకు. ఆగకుండా నడిపితే 100 గంటలంటే నాలుగు రోజుల చిల్లరే. అందుకే జూన్‌లోపే ఆ మొదటి 20 గంటలు తిప్పి ఆయిల్ మార్చేసి, రెండు క్వార్ట్ల డబ్బాలు అదనంగా ఉంచుకోండి.

ఎక్కడ పెట్టాలన్నది ప్రాణాల సంగతి. గ్యారేజీ తలుపు తెరిచి లోపల పెడితే కుదరదు, పాటియో కప్పు కిందా కుదరదు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటికి ఎదురు దిక్కుకు ఉండాలి. కొత్త మోడళ్ళలో పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటే ఇంజన్‌ను ఆపేసే సెన్సర్ ఉంది, కానీ అది యంత్రం చుట్టూ ఉన్న గాలినే చూస్తుంది, మీ పడకగదిని కాదు. అక్కడికి బ్యాటరీతో నడిచే అలారం వేరే కొనండి. వర్షంలో తడవకుండా, గాలి ఆడేలా జనరేటర్‌కే తయారుచేసిన గుడారం వాడాలి.

ఆ 20 అడుగుల దూరానికి వైర్లు కావాలి కదా. 50 అడుగులకు 12 గేజ్ ఎక్స్‌టెన్షన్ వైరు తీసుకోండి (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు), ఫ్రిజ్‌కొకటి, ఏసీకొకటి. చవకగా దొరికే సన్నని 16 గేజ్‌తో వోల్టేజ్ పడిపోయి, వైరు వేడెక్కి, కంప్రెసర్ దెబ్బతినవచ్చు. రెండు వైపులా పిన్నులున్న వైరుతో గోడ ప్లగ్గులోకి కరెంటు ఎక్కించే తెలివి ఎవరైనా చెబితే వినకండి. ఆ కరెంటు వీధి లైనులోకి ఎదురెక్కి, మరమ్మతు చేస్తున్న లైన్‌మన్‌ను చంపుతుంది.

శబ్దం మాత్రం మెచ్చుకోవాలి. 48 నుంచి 57 డెసిబెల్స్ మధ్యే ఉంటుంది, పక్కింటి గోడ చేయి చాపితే అందే కేటీ, పియర్‌ల్యాండ్ కాలనీల్లో ఇది చిన్న విషయం కాదు. బరువు 47 పౌండ్లు, ఒక్కరే మోయొచ్చు. గొలుసు వేయకపోతే దొంగకూ అంతే సులువు.

బావి మోటారు ఉన్న ఇంటికి, రెండు మూడు గదులు చల్లబరచాల్సిన ఉమ్మడి కుటుంబానికి ఇది చాలదు. పెట్రోలు నిల్వ ఇష్టం లేనివాళ్ళు ప్రొపేన్‌తోనూ నడిచే డ్యూయల్ ఫ్యూయల్ రకం చూడండి; పవర్ కొంత తగ్గినా సిలిండర్ ఏళ్ళ తరబడి పాడవదు. ధర వెయ్యి డాలర్ల పైమాటే కాబట్టి ఏప్రిల్ చివర్లో టెక్సస్ ఇచ్చే అత్యవసర సరుకుల పన్ను మినహాయింపు రోజుల్లో కొనండి. 3000 డాలర్లలోపు జనరేటర్లకు సేల్స్ టాక్స్ ఉండదు, హ్యూస్టన్‌లో 8.25 శాతం మిగిలినట్టే. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, స్విచ్‌ను ఫ్యూయల్ ఆఫ్‌లో పెట్టి ఇంజన్ తనంతట తానే ఆగేదాకా తిప్పండి. కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు జిగురు కట్టిందంటే వచ్చే ఏడాది తాడు ఎంత లాగినా స్టార్ట్ కాదు.