టీషర్టు మీది గీతలు, గోడౌన్‌లో ఎకో

మా మేనల్లుడు విజయవాడ నుంచి కొత్త టీషర్టు వేసుకుని దిగాడు. బీసెంట్ రోడ్డులో పేవ్‌మెంట్ మీద బేరమాడి కొన్నాడట. నల్ల గుడ్డ మీద తెల్ల గీతలు, ఒకదాని కింద ఒకటి, మధ్యలో గుట్టల్లా లేచి ఉన్నాయి. "ఏంట్రా ఇవి, కొండవీడు కొండలా?" అంటే "ఏమో మామయ్యా, బాగుందని తీసుకున్నా" అన్నాడు.

గుంటూరు కొత్తపేటలో ఇరవై ఎనిమిదేళ్ళుగా మైక్ సెట్ అద్దెకిస్తున్న వాడిని. సౌండ్ గ్రాఫులా కనపడేసరికి ఊరుకోలేక ఫోన్‌లో వెతికాను. జాయ్ డివిజన్ అనే ఇంగ్లండ్ బ్యాండు మొదటి ఆల్బమ్ 'అన్‌నోన్ ప్లెజర్స్' అట్ట మీది బొమ్మ అది. ఆల్బమ్ 1979 జూన్‌లో వచ్చింది. తీరా చూస్తే ఆ గీతలు సౌండ్‌వి కావు. 1967లో కనిపెట్టిన మొట్టమొదటి పల్సార్, అంటే గిర్రున తిరిగే ఒక రకం నక్షత్రం, పంపిన రేడియో సిగ్నళ్ళు. 1.34 సెకన్లకోసారి టంచనుగా వస్తాయట. నేను మైకులు పెట్టిన డ్రమ్మర్లలో అంత తాళం ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఇంకో విడ్డూరం, అట్ట ముందు పక్క బ్యాండు పేరు లేదు, ఆల్బమ్ పేరూ లేదు. మా షాపు బోర్డు మీద పేరు, రెండు సెల్ నంబర్లు, వినాయకుడి బొమ్మ, 'లైటింగ్ కూడా చేయబడును' అన్నీ ఉంటాయి.

మొత్తం పది పాటలు, 39 నిమిషాలు. ఇంగ్లీషు మాటలు నాకు సగమే అందాయి కాబట్టి సౌండ్ సంగతే రాస్తాను.

మా దగ్గర "అన్నా, కాస్త ఎకో పెంచు" అనని పెళ్ళివారు లేరు. యాంకర్ గొంతు గంభీరంగా, హాలంతా నిండినట్టు ఉండాలి. ఈ ఆల్బమ్ ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్ చేతిలో ఎకో సరిగ్గా దానికి ఎదురు పని చేస్తుంది. డ్రమ్ము మీద ఒక దెబ్బ పడుతుంది. అది వెళ్ళి, ఎవరూ లేని చోట గోడకి తగిలి, చల్లబడి తిరిగొస్తుంది. పెళ్ళయిపోయాక మూడు గంటల వేళ ఖాళీ కల్యాణ మండపంలో వైర్లు చుడుతుంటే చేతిలోంచి కటింగ్ ప్లేయర్ జారి గచ్చు మీద పడుతుంది చూడండి, ఆ చప్పుడు. ఇన్నేళ్ళుగా వింటున్నాను, దాన్ని పాటలో పెట్టొచ్చని తట్టలేదు. డ్రమ్మర్ స్టీఫెన్ మోరిస్ చేత హానెట్ ఒక్కో డ్రమ్మూ విడివిడిగా వాయింపించాడట. ఒకదాని చప్పుడు ఇంకోదాని మైకులో పడకూడదు. శ్రీరామనవమి పందిట్లో ఆ మాట అంటే డ్రమ్మర్ కర్రలు నా మీదికి విసురుతాడు.

బేస్ గిటార్ పీటర్ హుక్‌ది. మామూలుగా బేస్ అడుగున పడి ఉంటుంది, ఇక్కడ మాత్రం పైకొచ్చి రాగం అందుకుంటుంది. కారణం చదివి నవ్వాగలేదు. అతని స్పీకరు నాసిరకం. కింది స్వరాలు తనకే వినపడక, పై తీగల మీదికి ఎక్కి వాయించడం అలవాటు చేసుకున్నాడట. చెడిపోయిన బాక్సుతో ఇంత మేలు జరగడం మా లైనులో నేనెరగను.

తమాషా ఏమిటంటే ఈ సౌండ్ బ్యాండువాళ్ళకే నచ్చలేదు. స్టేజీ మీద వాళ్ళది గట్టి మోత. గిటార్ వాయించే బెర్నార్డ్ సమ్నర్, హుక్ ఇద్దరూ మా సంగీతాన్ని అణగదొక్కేశాడని హానెట్ మీద గుర్రుమన్నారు. నాకు వాళ్ళ బాధా తెలుసు. ఒకసారి ఒక ఆర్కెస్ట్రాలో గిటార్ తగ్గించానని ఆ కుర్రాడు భోజనాల దగ్గర నా పక్క విస్తరి ముందు కూడా కూర్చోలేదు. అయినా ఇందులో నా ఓటు హానెట్‌కే.

పత్రికలు మెచ్చుకున్నాయి గానీ సరుకు మెల్లగా కదిలింది. ఫ్యాక్టరీ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ మొదట 10,000 కాపీలు వేసింది. ఆల్బమ్ అప్పుడు బ్రిటన్ చార్టులోకి, అంటే అమ్మకాల పట్టికలోకి, రాలేదు. పాడిన ఇయాన్ కర్టిస్ 1980 మేలో, 23 ఏళ్ళకే ప్రాణం తీసుకున్నాడు. ఆ ఆగస్టులో ఇది చార్టులో 71వ స్థానానికి చేరింది. అతనికి మూర్ఛ జబ్బు. రికార్డు రెండో పక్క మొదటి పాట 'షీజ్ లాస్ట్ కంట్రోల్' మూర్ఛ వచ్చే ఒక అమ్మాయి గురించి. అందులో డ్రమ్ముతో పాటు 'స్స్' మని వచ్చేది స్ప్రే డబ్బా చప్పుడు. అతని జబ్బు సంగతి తెలిశాక ఆ పాట ఒక్కణ్ణే ఉన్నప్పుడు వినబుద్ధి కాదు.

లోపం లేదనను. ఆఖరి పాట దాదాపు ఆరు నిమిషాలు, సాగుతూనే ఉంటుంది. గొంతు కూడా చాలాచోట్ల ఒకే మెట్టు మీద నిలబడి ఉంటుంది. ఘంటసాల వింటూ పెరిగిన చెవికి కొంచెం ఓపిక కావాలి. ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి, సగం ఆల్బమ్ ఎగిరిపోతుంది.

నేను మొన్న గోడౌన్‌లో పెద్ద బాక్సుల మీద పెట్టాను. కోటప్పకొండ ప్రభలకి పంపే బాక్సులు, బేస్‌కి రేకు షట్టరు అదిరింది. రెండో పాటకే మా హెల్పర్ కుర్రాడు మిక్సర్ దగ్గరికొచ్చి "ఎకో ఎక్కువైనట్టుంది, తగ్గించనా అన్నా?" అన్నాడు. వద్దన్నాను. ఆఖరి పాటలో ఒక్కసారిగా గాజు భళ్ళుమంది. నేనే ఉలిక్కిపడి పైన ట్యూబులైట్లు చూశాను. తిరిగి చూస్తే వాడు చీపురు పట్టుకుని బాక్సుల వెనక వంగి గాజు పెంకుల కోసం వెతుకుతున్నాడు.