బేగంబజార్‌లో తీసుకున్న ఓటీ సామాన్లు, మా బాబుకి పనికొచ్చినవి పనికిరానివి

మా బాబుకి ఆటిజం, ఆరేళ్లు, వేళ్లలో పట్టు తక్కువ. ఓటీ మేడమ్ (ఆక్యుపేషనల్ థెరపిస్టు, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పేవారు) రాసిచ్చిన లిస్టు ఆన్‌లైన్‌లో వెతికితే ఫైన్ మోటార్ కిట్ (వేళ్లతో చేసే చిన్న పనులు నేర్పే సామాన్లు) అని వేలల్లో చెప్తున్నారు, అదే లిస్టు పట్టుకుని హైదరాబాద్ బేగంబజార్ గల్లీల్లో తిరిగితే ప్లాస్టిక్ సామాన్ల షాపుల్లోనే దాదాపు అన్నీ దొరికాయి, చాలా తక్కువలో.

అన్నిట్లోకి బెస్ట్ బట్టల క్లిప్పులు. స్ప్రింగ్ లూజువి, టైటువి రెండూ తీసుకోండి, ముందు లూజువి ఇచ్చి వేళ్లకి బలం వచ్చాక టైటువి ఇవ్వాలి. మావాడు అట్టముక్క అంచుకి పెడతాడు, వాళ్ల నాన్న చొక్కాకి పెట్టడం అయితే ఇంకా ఇష్టం. స్ప్రే బాటిల్ కూడా సూపర్, తులసమ్మకి నీళ్లు కొట్టడం ఇప్పుడు వాడి డ్యూటీ. థెరపీ పుట్టీ (వేళ్లకి బలం రావడానికి పిసికే ముద్ద) కొనలేదు, గట్టిగా కలిపిన చపాతీ పిండిలో శనగలు దాచిపెడితే వెతికి తీస్తాడు. నోట్లో పెట్టుకునే పిల్లలైతే మాత్రం శనగలు, పూసలు వద్దు.

పూసలు గుచ్చే సెట్ వేస్ట్, బెజ్జాలు చిన్నవి, దారం మెత్తగా వంగిపోతుంది, పిల్లాడికి కోపం రావడం తప్ప ఏం లేదు. పెద్ద చెక్క పూసలు, షూ లేసు తీసుకోండి.

పనికొచ్చిన సామాన్లే ఇంకో సెట్ కొని స్కూల్ టీచర్‌కి ఇచ్చాం, అసలు మార్పు అక్కడే కనిపించింది. ఆవిడ గోడ బోర్డు దగ్గర నిలబెట్టి చిన్న చాక్‌పీసు ముక్కతో గీతలు గీయిస్తారు, ముక్క చిన్నది కాబట్టి పిడికిలితో పట్టుకోలేడు, వేళ్ల చివర్లతోనే పట్టుకోవాలి, నిలబడి గీస్తే మణికట్టు, భుజం కూడా గట్టిపడతాయి. టిఫిన్ డబ్బా మూత మేం ముప్పావు వంతు తెరిచి చివరిది వాడికి వదిలేస్తాం, టీచర్ కూడా అచ్చం అలాగే చేస్తారు, ఎందుకంటే ఇంట్లో వచ్చిన పని స్కూల్లో చేయడం ఈ పిల్లల్లో చాలామందికి కష్టం. రాయట్లేదని బద్ధకం అనకండి ప్లీజ్, చెయ్యి ఎలా కదపాలో ప్లాన్ చేసుకోవడమే వాళ్లకి పెద్ద పని.

ఏం కొనాలన్నా ముందు ఓటీకి చూపించండి, ఎవరూ తెలీకపోతే బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో నీపిడ్ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన సెంట్రల్ గవర్నమెంట్ సంస్థ.

రేటింగ్ ఐదుకి నాలుగు. పార్కింగ్ చాలా కష్టం, మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కండి, హారన్ల గోల తట్టుకోలేని పిల్లలైతే ఇంట్లో ఎవరి దగ్గరైనా వదిలేసి వెళ్లండి.