జాగ్రత్త: నవంబరు తేదీకి కోమో సరస్సు ప్యాకేజీ కొనే ముందు

దసరా, దీపావళి సెలవులు కలిసి వచ్చేలా ఉత్తర ఇటలీ యాత్ర వేసుకుని, మిలాన్ నుంచి ఒక రోజు కోమో సరస్సుకు వెళ్లి రావాలని అనుకుంటున్నవారు డబ్బు కట్టే ముందు ఇది చదవగలరు. దీపావళి నవంబరులో పడిన ఏడాది మరింత జాగ్రత్త అవసరం. సరస్సు దగ్గర సీజను ముగిసిపోయాక కూడా వేసవి కార్యక్రమాన్నే ఆ తేదీలకు అమ్ముతున్న ఆన్‌లైన్ విక్రేతలు ఉన్నారు. మా కుటుంబం అలాంటి ఒక విక్రేత దగ్గరే 'ఫుల్ డే' ప్యాకేజీ కొన్నది. కార్డు కంపెనీలో వివాదం ఇంకా నడుస్తున్నందున ఆ సంస్థ పేరు రాయడం లేదు.

వోచరులో సరస్సు ఒడ్డున ట్రెమెజ్జో ఊళ్లో తోటతో ఉన్న విల్లా కార్లొట్టా అనే భవనానికి ప్రవేశం, పడవ ప్రయాణం, మిలాన్ నుంచి రానుపోను 'ట్రాన్స్‌ఫర్' ఉన్నట్టు రాశారు. పైభాగంలో విరగబూసిన అజేలియా పూల ఫొటో వేశారు. ఆ తోటలో అజేలియాలు పూసేది ఏప్రిల్, మే నెలల్లో. ట్రెమెజ్జోలో పడవ దిగి వెళ్లేసరికి విల్లా గేటుకు తాళం వేసి ఉంది, మళ్లీ వసంతంలోనే తెరుస్తామని ఊచలకు కాగితం కట్టి ఉంది. ట్రాన్స్‌ఫర్ అన్నది కారో, బస్సో కాదు, మిలాన్ ప్రధాన రైల్వే స్టేషన్ మిలానో చెంత్రాలే నుంచి సరస్సు ఒడ్డు ఊరైన వరెన్నాకు వెళ్లే మామూలు ప్రాంతీయ రైలు టికెట్టు. గంట పైచిలుకు పట్టే ఆ ప్రయాణానికి స్టేషన్‌లోని యంత్రంలో ఎవరైనా పది యూరోల లోపే టికెట్టు కొనుక్కోవచ్చు. వరెన్నా నుంచి సరస్సుకు అవతల ఉన్న బెల్లాజియో ఊరికి పావుగంటలో దాటించే ఫెర్రీ టికెట్టూ రేవు దగ్గరి కౌంటరులో కొద్ది యూరోలకే దొరుకుతుంది. ఇక ప్యాకేజీ ధరలో మిగిలిన సొమ్మంతా దేనికి తీసుకున్నారో ఆ విక్రేతే చెప్పాలి.

డబ్బు వాపసు అడిగితే, షరతులలో 'సీజనును బట్టి మార్పులు ఉండవచ్చు' అన్న వాక్యాన్ని చూపించి, పడవ ఎక్కారు కాబట్టి సేవ అందినట్టేనని జవాబిచ్చారు. యూరప్ చట్టం ప్రకారం ఆన్‌లైన్ కొనుగోళ్లను 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చని చాలామంది ధైర్యంగా ఉంటారు గాని, యూరోపియన్ యూనియన్ వినియోగదారుల హక్కుల ఆదేశం (2011/83)లోని ఆ హక్కు నిర్దిష్ట తేదీకి కొన్న వినోద సేవలకు వర్తించదు. అయితే మూసి ఉన్న చోటుకు ప్రవేశం అమ్మడం వేరే సంగతి; అది అమ్మిన సేవను అందించకపోవడమే. అందుకే తాళం వేసిన గేటు ఫొటోను, వోచరును, వారి జవాబులను జతచేసి కార్డు ఇచ్చిన బ్యాంకులో ఫిర్యాదు చేశాము. మీకూ ఇలాంటిది ఎదురైతే అక్కడికక్కడే ఫొటోలు తీసుకోండి, విక్రేతతో ఫోనులో కాకుండా ఈమెయిలులోనే మాట్లాడండి.

కొనే ముందు మూడు క్యాలెండర్లు ఎవరికి వారు సరిచూసుకోవాలి. విక్రేత పేజీలో 'అందుబాటులో ఉంది' అని పచ్చటి అక్షరాలలో కనిపించినంత మాత్రాన నమ్మవద్దు. మొదటిది విల్లాలది. కార్లొట్టా సాధారణంగా మార్చి నుంచి నవంబరు తొలి రోజుల వరకే తెరిచి ఉంటుంది, అదే సరస్సు ఒడ్డున లెన్నోలో ఉన్న బాల్బియానెల్లో విల్లాకు సీజనులో కూడా సోమ, బుధవారాలు సెలవు. ఉత్తర ఇటలీలోనే ఉన్న మరో సరస్సు మజ్జోరేకు యాత్ర మార్చుకుందామనుకున్నా, అక్కడి ఈజోలా బెల్లా దీవిలోని బొర్రోమెయో భవనం కూడా చలికాలంలో మూతపడుతుంది. రెండోది పడవలది. వరెన్నా, బెల్లాజియో, మెనాజ్జో ఊళ్ల మధ్య ఫెర్రీలు ఏడాది పొడవునా నడుస్తాయి గాని, కోమో పట్టణం నుంచి బెల్లాజియోకు వచ్చే పడవలు శరదృతువు ముగిసేసరికి బాగా తగ్గిపోతాయి; మీ తేదీకి వర్తించే సమయపట్టికను ఆ పడవలు నడిపే సంస్థ నావిగాజియోనే లాగి వారి సైటులోనే చూడాలి. మూడోది పగటి వెలుతురుది. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు, ఆ తరువాత నవంబరు మధ్యకల్లా సాయంత్రం అయిదుకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు. చుట్టూ కొండలు కాబట్టి రేవుల మీద నీడ ఇంకా ముందే పడుతుంది.

ఇంత చెప్పినా శరదృతువులో కోమోకు వెళ్లవద్దని నా ఉద్దేశం కాదు. అక్టోబరులో వెళ్లగలిగితే వేసవి రద్దీ ఉండదు, విల్లాలు తెరిచే ఉంటాయి, కొండల మీది అడవులు రంగు మారుతూ ఉంటాయి. నవంబరు తప్పకపోతే ప్యాకేజీ మాట మరచిపోయి, రైలుకు, ఫెర్రీకి అప్పటికప్పుడు టికెట్లు కొనుక్కుని వరెన్నా, బెల్లాజియో వీధుల్లో తిరిగి రండి. మాకు అమ్మిన ప్యాకేజీ, అవే అజేలియాల ఫొటోతో, ఇది రాసే నాటికి కూడా నవంబరు తేదీలకు అమ్మకంలోనే ఉంది.