రింగ్ ఫిట్ అడ్వెంచర్: ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన ఒంటికి ఎంతవరకు పనికొస్తుంది?

విశాఖలో పది రోజులు ఐసీయూలో ఉండి ఒడిశాలోని రాయగడ ఇంటికొచ్చిన మనిషికి మొదటి పరీక్ష మెట్లు కాదు, మరుగుదొడ్డి. కూర్చోవడం వచ్చు, లేవడం రాదు. తీవ్రమైన జబ్బులో మంచం మీదున్న పది రోజుల్లో తొడ ముందు కండరం ఆరోవంతుకి పైగా తరిగిపోవచ్చని కొలతల్లో తేలింది. డిశ్చార్జి కాగితం మీద మాత్రం ‘ఫిజియోథెరపీ’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. గుణుపురం అవతల పల్లెలోనో, పర్లాకిమిడి పక్కనో ఉన్నవాళ్ళకి రోజూ వెళ్ళిరావాలంటే ఆటో, బస్సు, తోడుకో మనిషి కావాలి. వచ్చిన సత్తువంతా దారికే పోతుంది.

అందుకే చాలా ఇళ్ళలో పిల్లల నింటెండో స్విచ్ అనే వీడియో గేమ్ యంత్రం మీదికి చూపు మళ్ళుతుంది. దాని మీద ఆడే వ్యాయామ ఆట, నింటెండో వాళ్ళ రింగ్ ఫిట్ అడ్వెంచర్, 2019 అక్టోబరు 18న వచ్చింది. పెట్టెలో మూడే ఉంటాయి: ఆట కార్డు, స్టీరింగంత ఉండే ప్లాస్టిక్ రింగు, తొడకి కట్టుకునే పట్టీ. స్విచ్‌కి రెండు పక్కలా ఊడొచ్చే చిన్న చేతి కంట్రోలర్లే జాయ్‌కాన్‌లు. కుడి జాయ్‌కాన్ రింగులోకి, ఎడమది పట్టీలోకి వెళ్తుంది. రింగుని నొక్కినా లాగినా అది ఎంత వంగిందో లోపలి సెన్సర్ పట్టుకుంటుంది, రింగు ఎటు తిరిగిందో అందులోని జాయ్‌కాన్ చెబుతుంది. తొడ ఏ కోణంలో ఉందో పట్టీలోది చెబుతుంది. యంత్రం చూసేది ఇంతే. కెమెరాతో ఒంటిని చూసే పాత కినెక్ట్ లాంటిది కాదిది. వీపు వంగినా, మోకాలు లోపలికి వాలినా దీనికి తెలీదు. కుడికాలు సంగతి అసలే తెలీదు, పట్టీ ఎడమ తొడకే కదా. పక్షవాతంతో కుడికాలు బలహీనపడ్డ మనిషి ఎడమకాలి మీదే బరువంతా వేసి లేచినా ఆట చప్పట్లు కొడుతుంది. అలాంటివాళ్ళ పక్కన కుడికాలినే చూస్తూ ఒక మనిషి నిలబడాలి.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. మొదటి రెండు నెలలు దీన్ని ఆటగా వాడొద్దు, లెక్క రాసుకునే పరికరంగా వాడండి. ఆటలోని కథ మనిషిని ముందుకి తోయడానికి కట్టింది. ఇంకో మెట్టు, ఇంకో శత్రువు, ఇంకో లెవెల్. ఆరోగ్యంగా ఉన్నవాడికి అదే మందు. నిన్నటిదాకా ఆక్సిజన్ పెట్టించుకున్నవాడికి ఎక్కడ ఆగాలో తెలియడం ముఖ్యం, ఆ తెలివి దీనికి లేదు. పైగా కథలో ఎదురుపడే రాక్షసుడు కండలు తిరిగిన బాడీబిల్డర్ డ్రాగన్. సెలైన్ గుచ్చిన మచ్చలు ఇంకా మానని చేతులతో వాడి ముందు నిలబడటం, నవ్వొస్తుంది గానీ మంచి ముహూర్తం కాదు.

ఎవరూ పెద్దగా పట్టించుకోని ‘మల్టీటాస్క్ మోడ్’ దీనిలో అన్నిటికంటే విలువైనది. దీనికి టీవీ అక్కర్లేదు, స్విచ్ నిద్రలో ఉన్నా చాలు. కుడి జాయ్‌కాన్ తగిలించిన రింగు ఒడిలో పెట్టుకుని, సాయంత్రం సీరియల్ చూస్తూ నొక్కుతూ, లాగుతూ ఉంటే అదే లెక్కపెట్టుకుంటుంది, 500 దాకా. తర్వాత ఆట తెరిచినప్పుడు ఆ లెక్క చూపిస్తుంది. మంచం మీంచి దిగలేనివాళ్ళు కూడా తలగడకి ఆనుకుని చెయ్యొచ్చు. మొదటి వారం పదేసి నొక్కులు మూడు విడతలు, మధ్యలో కనీసం రెండు నిమిషాల విరామం. మూడు రోజులు హాయిగా సాగితే విడతకి రెండేసి పెంచండి. 500 అనేది యంత్రం హద్దు, మీ లక్ష్యం కాదు.

ఇక్కడే అందరూ చేసే తప్పొకటుంది. రింగు నొక్కేటప్పుడు ఊపిరి బిగబడతారు. మొహం ఎర్రబడుతుంది, మెడ నరాలు తేలతాయి, బీపీ ఒక్కసారిగా ఎగుస్తుంది, వదిలాక కళ్ళు తిరుగుతాయి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళకి ఇది ఆయాసం కంటే ప్రమాదం. దీనికి విరుగుడు తేలిక: నొక్కేటప్పుడు గట్టిగా పైకి లెక్కపెట్టండి, ‘ఒకటీ... రెండూ...’ అని. నోరు మాట్లాడుతుంటే ఊపిరి బిగబట్టడం కుదరదు. ఒడియా మాట్లాడే పక్కింటివాళ్ళు కూడా గోడవతల నుంచి ‘ఎకొ, దుయి’ అని కలుస్తారేమో, కలవనివ్వండి.

రెండో దశలో పట్టీ కట్టాలి. లుంగీ మీద, చీర మీద ఇది నిలవదు. సన్నటి పైజమా, లెగ్గింగ్ లాంటిదైతే సరి. జబ్బులో తొడలు సన్నబడి ఉంటాయి కాబట్టి పట్టీ జారి మోకాలి దగ్గరికి వస్తుంది. జారిందంటే కోణం తప్పుతుంది, మనిషి సరిగ్గానే చేస్తున్నా ఆట ‘ఇంకా కిందికి’ అంటుంది, పాపం మనిషి ఇంకా వంగుతాడు. తొడ మధ్యకి కొంచెం పైగా, ముందువైపు కట్టి, కింద ఒక వేలు మాత్రం దూరేంత బిగించండి. కాలు తిమ్మిరెక్కితే వదులు చేయాలి. పట్టీ వెల్క్రోకి తువ్వాలు నూగు, వెంట్రుకలు పట్టి పట్టు తగ్గుతుంది, పాత టూత్ బ్రష్‌తో గీకితే మళ్ళీ పడుతుంది.

స్క్వాట్‌కి, అంటే గుంజీలా మోకాళ్ళు వంచి కిందికి దిగి లేవడానికి, కుర్చీ పెట్టుకోండి. ఇందులో కిటుకు ఏమిటంటే, ఎడమ తొడ కోణమే చూసే యంత్రానికి మీరు గాల్లో కూర్చున్నారా, కుర్చీలో కూర్చున్నారా తెలీదు. కుర్చీ నుంచి లేచి కూర్చుంటే అదే స్క్వాట్ కింద పడుతుంది. చేతుల ప్లాస్టిక్ కుర్చీ మొజాయిక్ గచ్చు మీద వెనక్కి జారుతుంది, అందుకని వీపు గోడకి ఆనించి పెట్టాలి. సీటు మీద రెండు దుప్పట్లు మడతపెట్టి వేస్తే ఎత్తు పెరుగుతుంది, లేవడం తేలికవుతుంది. వారం గడిచాక ఒక దుప్పటి తీసెయ్యండి, ఇంకో వారానికి రెండోదీ. ఎత్తు సీటు మీద లోతు చాలక ఆట మెచ్చుకోకపోవచ్చు. మెచ్చుకోకపోతే పోనీ, కండరానికి అందాల్సింది అందుతుంది. పక్కవాళ్ళు చంకల కింద చెయ్యేసి లేపకూడదు. నడుముకి చీరకొంగో తువ్వాలో కట్టి వెనక నుంచి పట్టుకుంటే మనిషి తూలినా ఆపడం సులువు.

మొదలుపెట్టేటప్పుడు ఆట వయసు, బరువు, ఎంత కష్టం కావాలో అడుగుతుంది. జబ్బుకి ముందటి బరువు చెప్పొద్దు, ఇవాళ్టిది చెప్పండి. కష్టం 1 నుంచి 30 దాకా ఉంటుంది, అది సూచించినదాన్ని కాదని 1 దగ్గర పెట్టండి. రింగు బలం కొలిచేటప్పుడు ‘బలంగా నొక్కు’ అంటే ఉన్న బలమంతా చూపించకండి, సగమే చూపండి. ఆ తర్వాత ఆ కొలతకి తగ్గట్టే అడుగుతుంది. ఇంట్లో కుర్రాడు ‘నేను పెడతా తాతయ్యా’ అని తన బలంతో కొలిచి ఇచ్చేస్తే ఆ రోజంతా తాతకి నరకమే.

సెట్టింగుల్లో రెండు పనికొచ్చేవి. ‘సైలెంట్ మోడ్’లో పరుగు బదులు మోకాళ్ళు కొద్దిగా వంచితే చాలు, కింద వాటా వాళ్ళకీ శబ్దం ఉండదు. ‘అసిస్ట్ మోడ్’ భుజాలు, నడుము, పొట్ట, మోకాళ్ళలో ఏది బాగోకపోతే ఆ భాగానికి పని తగ్గిస్తుంది. కథ వదిలి ‘కస్టమ్’లోకి వెళ్ళి మీకు కావాల్సిన నాలుగు కదలికలే ఏరుకోండి: రింగు తలపైకి ఎత్తడం, ఛాతీ ముందు నొక్కడం, స్క్వాట్, ఒక సాగదీత. నేల మీద చేతులానించి ఒంటిని లేపి చేసే ప్లాంక్, మౌంటెన్ క్లైంబర్ వైపు చూడొద్దు.

ఎవరికి వద్దో చెప్పడంలో మొహమాటం లేదు. బైపాస్ అయినవాళ్ళ రొమ్ము ఎముక తీగలతో కుట్టి ఉంటుంది, రింగు నొక్కితే, లాగితే ఆ అతుకు మీదే పడుతుంది. సర్జన్ ఒప్పుకునేదాకా, అంటే మామూలుగా మూడు నెలలు, రింగు ముట్టొద్దు. పొట్ట ఆపరేషన్ అయినా అంతే జాగ్రత్త. ఇక కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి వైపు వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది మలేరియా గురించి. మలేరియా తర్వాత పొట్టలో ఎడమవైపు ఉండే ప్లీహం ఉబ్బి పక్కటెముకల కిందికి దిగి ఉండొచ్చు. ఈ ఆటలో శత్రువు దెబ్బ కాచుకోవడానికి రింగుని పొట్టకి ఆనించి గట్టిగా నొక్కాలి. ఉబ్బిన ప్లీహం మీద ఆ నొక్కుడు ప్రాణాంతకం కావచ్చు. డాక్టరు చేత్తో చూసి, అవసరమైతే స్కాన్ తీసి, తగ్గిందన్నాకే మొదలెట్టాలి. మెదడుకెక్కిన మలేరియాలో ఫిట్స్ వచ్చినవాళ్ళు వెలుగులు మిలమిలలాడే తెర ముందు కూర్చునే ముందు కూడా అడగాలి. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉన్నవాళ్ళు ఎండాకాలం మధ్యాహ్నం చెయ్యొద్దు, ఒంట్లో నీరు తగ్గితే నొప్పులు తిరగబెడతాయి.

ఎక్కడ ఆగాలో మీరే చూసుకోవాలి కాబట్టి మూడు గుర్తులు. చేస్తూ ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలిగితే సరే, రెండు మాటలకే ఊపిరి తెగితే ఆపండి. కరోనా, న్యుమోనియా, ఊపిరితిత్తుల టీబీ వచ్చినవాళ్ళు వేలికి పెట్టే ఆక్సీమీటరు దగ్గర ఉంచుకోండి. కూర్చున్నప్పటి అంకె కంటే 3, అంతకంటే ఎక్కువ తగ్గితే ఆ రోజుకి చాలు, డాక్టరుకి చెప్పండి. ముదురు గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉన్న వేలు తప్పు చూపించొచ్చు, వేలు మార్చి చూడండి. అన్నిటికంటే ముఖ్యమైంది మర్నాటి ఒళ్ళు. చేసిన రోజు బాగానే ఉండి, మర్నాడో ఆ మర్నాడో మంచం పట్టేస్తుంటే అది బద్ధకం కాదు, ఒంటికి మించిన పని జరిగిందని అర్థం. సగానికి తగ్గించి వారం ఉండండి. ఛాతీలో నొప్పి, కళ్ళు బైర్లు కమ్మడం, గుండె దడ తగ్గకపోవడం ఉంటే ఆటా లేదు గీటా లేదు, ఆస్పత్రే.

బొటనవేలు కుడి జాయ్‌కాన్ కింది చిన్న కెమెరా మీద పెడితే నాడి చూపిస్తుంది. సరదాకి బాగుంది. కానీ గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్ళకి నాడి అంకె అంతగా పెరగదు, ‘ఇంకా తేలిగ్గానే ఉంది’ అనుకుని మోసపోతారు. వాళ్ళు పైన చెప్పిన పూర్తి వాక్యం పరీక్షనే నమ్ముకోవాలి. చివర్లో చూపే వ్యాయామ సమయం కూడా కదిలిన క్షణాలదే, గడియారంలో అరగంట అయినా అది పది నిమిషాలనొచ్చు. ‘పదే కదా’ అని ఇంకో విడత మొదలుపెట్టొద్దు.

ఆటలో రింగు పిండి స్మూతీ చేసుకుంటే బలం వస్తుంది. బయట వచ్చేది చోడి అంబలితో, గుడ్డుతో, ఉలవలతో. మాంసకృత్తులు లేకుండా వ్యాయామం చేస్తే ఉన్న కండ కూడా తరుగుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం ఎంత తినాలో డాక్టరునడిగాకే.

భాష పెద్ద లోటు. తెలుగూ లేదు, ఒడియా లేదు, హిందీ కూడా లేదు. ఇంగ్లీషు చదవగలిగే మనిషి మొదటి వారం పక్కనుండాల్సిందే. బొమ్మ చూసి చేసెయ్యొచ్చు గానీ హెచ్చరికలు బొమ్మల్లో ఉండవు. కరెంటు కోతకి మాత్రం ఇది బాగా నిలుస్తుంది. టీవీ ఆగిపోతే స్విచ్‌ని టీవీకి కలిపే డాక్ నుంచి తీసి బల్ల మీద నిలబెట్టి కొనసాగించొచ్చు. చిన్న తెర, పెద్దవాళ్ళకి అద్దాలు కావాలి.

కొనేవాళ్ళకి: ఇంట్లో స్విచ్ ఇప్పటికే ఉంటేనే. విడుదలైనప్పుడు అమెరికాలో దీని ధర 79.99 డాలర్లు, ఇక్కడ దిగుమతిదారులు చెప్పిందే ధర. ఒక్క బలం కోసమే స్విచ్‌తో సహా కొనాలనుకుంటే, రబ్బరు బ్యాండూ ఒక గట్టి కుర్చీ అదే పని చాలావరకు చేస్తాయి. స్విచ్ లైట్ అయితే జాయ్‌కాన్‌లు ఊడవు, విడిగా జత కొనాలి. స్విచ్ 2 వాళ్ళకీ పాత జాయ్‌కాన్‌లే కావాలి, కొత్తవి రింగులో పట్టవు. వేరే కంపెనీ జాయ్‌కాన్‌లలో చాలావాటికి ఆ కింది కెమెరా ఉండదు, నాడి చూపించవు. చైనాలో అధికారికంగా అమ్మినవి తప్ప ఏ దేశపు కార్డైనా ఏ స్విచ్‌లోనైనా నడుస్తుంది. అమెరికా ఛార్జరు 240 వోల్టులు తట్టుకుంటుంది, కానీ దాని చప్పట పిన్ను మన సాకెట్లో వదులుగా కూర్చుని నిప్పురవ్వలు రాలుస్తుంది, మంచి కన్వర్టర్ ప్లగ్ పెట్టండి. పాతది కొంటుంటే అమ్మే మనిషి ముందే రింగుని పదిసార్లు మెల్లగా నొక్కి, పదిసార్లు లాగి, తెర మీద గీత చేతితో పాటే కదులుతోందో లేదో చూడండి. వదిలేశాక కూడా గీత మధ్యకి రాకపోతే మళ్ళీ కొలతపెట్టించండి. అప్పటికీ రాకపోతే ఆ రింగు వద్దు.