ఇంట్లో చూసినా నవ్వు తెప్పించేవి

హాల్లో మూడొందల మంది నవ్వుతుంటే సగం జోకుకే మనకూ నవ్వు తన్నుకొస్తుంది. ఇంట్లో ఆ ఆసరా ఉండదు. సోఫాలో నలుగురే ఉంటారు. అందులో ఒకరి కళ్లు ఫోన్‌లో, ఒకరి చెవి వంటింటి కుక్కర్ విజిల్ మీద. ఇలాంటి చోట పండే కామెడీ వేరు. చెంపదెబ్బలు, ఎగిరిపడే విలన్లు, హీరో పేరు చెప్పగానే ఈలలు వేయించే సీన్లు ఇంట్లో చప్పబడతాయి. మాట మీద నిలబడ్డవి, మనిషి గుణం మీద నిలబడ్డవి మాత్రం అన్నం తింటూ చూసినా నవ్విస్తాయి. వరంగల్, కరీంనగర్ దిక్కు ఇండ్లను మనసులో పెట్టుకొని, ఈ లెక్కన తూచి చెబుతున్న సంగతులివి.

మొదట బలగం (2023). దీన్ని కామెడీ అనొచ్చా అంటే, మొదటి సగం వరకు నిస్సందేహంగా అనొచ్చు. అప్పుల్లో మునిగిన పిలగాడు కట్నం డబ్బుల మీద ఆశ పెట్టుకొని పెండ్లికి ఒప్పుకుంటే, సరిగ్గా అప్పుడే తాత చనిపోతాడు. చావింట్లో అందరూ ఏడుస్తుంటే వీడి బాధ ఇంకోటి. ఇరవై ఏండ్ల కిందట అల్లుడికి నల్లి బొక్క (మటన్‌లో మూలుగ ఎముక) దగ్గర జరిగిన అవమానం, దాని మీద పెరిగిన అలక, దినాలకు పిట్ట ముట్టకపోవడం, ఇవన్నీ ఈ ప్రాంతం వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. సిరిసిల్ల దిక్కు యాస, పాడె కాడి ముచ్చట్లు, వరుసలు కలుపుకొని పిలుచుకోవడం అచ్చంగా ఉన్నాయి. దర్శకుడు వేణు యెల్దండిది ఆ నేలే. చివర్లో కథ చెప్పి కంటతడి పెట్టించే కొమురమ్మ, మొగిలయ్య దంపతులది వరంగల్ జిల్లా దుగ్గొండి. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. ఒక జాగ్రత్త: ఈ మధ్యే ఇంట్లో పెద్దదిక్కును పోగొట్టుకున్నవాళ్లు చివరి అరగంట తట్టుకోవడం కష్టం. నవ్వుకుందామని వచ్చిన చుట్టాలకు పండుగ పూట పెట్టే సినిమా కాదు.

పండుగ పూటకు జాతిరత్నాలు (2021) నయం. జోగిపేటలో తండ్రి లేడీస్ ఎంపోరియం, కొడుక్కి ఆ పేరంటేనే నామోషీ. ముగ్గురు దోస్తులు హైదరాబాద్ పోయి హత్యాయత్నం కేసులో ఇరుక్కుంటారు. కథలో పట్టు లేదు, రెండో సగంలో బొక్కలు కూడా ఉన్నాయి. అయినా జడ్జిగా బ్రహ్మానందం కూర్చున్న కోర్టు సీను ఒక్కటి చాలు. ఆ సీను మొత్తం మాట మీదే నడుస్తుంది, కాబట్టి పక్కగదిలో బట్టలు మడతపెట్టేవాళ్లు కూడా నవ్వుతారు. ఇంకో మాట. చానా ఏండ్లు తెలుగు సినిమాలో తెలంగాణ యాస అంటే రౌడీకి, పనిమనిషికి, జోకరుకు పెట్టే యాస. మన మాటను చూసి మనమే నవ్వాలన్నమాట. ఈ రెండు సినిమాల్లో యాసను చూసి నవ్వరు, యాసలో ఉన్న చమత్కారానికి నవ్వుతారు. ఈ తేడా తెలియాలంటే 2000కు ముందు వచ్చిన ఏ మాస్ సినిమా అయినా పక్కన పెట్టి పది నిమిషాలు చూడండి.

రెండున్నర గంటల తీరిక లేనివాళ్లకు జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చే మై విలేజ్ షో వీడియోలున్నాయి. యూట్యూబ్‌లో ఉచితం. గంగవ్వ డైలాగు చెబుతున్నట్టు ఉండదు, ఇంటి పక్కామె తిట్టినట్టే ఉంటుంది. కొత్త సినిమాల ప్రచారానికి హీరోలు వచ్చిన ఎపిసోడ్ల కన్నా ఊరి పంచాయతీ, కూలి, పెండ్లి మీద తీసిన పాతవి మేలు.

పాత సినిమాల్లో అహ నా పెళ్ళంట (1987) దగ్గరే ఎక్కువ చెప్పాల్సి ఉంది. సినిమా గురించి కాదు, ఏ కాపీ చూడాలన్న దాని గురించి. జంధ్యాల తీసిన ఈ సినిమాలో కోట శ్రీనివాసరావు పిసినారి లక్ష్మీపతి: కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. అరగుండుగా బ్రహ్మానందం వెలుగులోకి వచ్చిందీ దీంతోనే. పేరు కొట్టి వెతికితే 2011లో అల్లరి నరేష్ చేసిన సినిమా, 2022లో వచ్చిన వెబ్ సిరీస్ కూడా అదే పేరుతో ముందుకొస్తాయి. రాజేంద్రప్రసాద్ ముఖం చూసి నొక్కండి.

ఇక కాపీ సంగతి. వెడల్పు తెర కోసం తీసిన పాత సినిమాలను టీవీకి సరిపడేలా కత్తిరించి ఎక్కించినవి చాలా తిరుగుతున్నాయి. ఎత్తుకు 2.35 రెట్లు వెడల్పున్న బొమ్మను ఇప్పటి టీవీ నిండా పరిస్తే దాదాపు పావు వంతు పోతుంది. పాత డబ్బా టీవీ కొలతకు కత్తిరిస్తే నలభై శాతం పైనే పోతుంది. కామెడీలో ఇది పెద్ద దెబ్బ. ఎందుకంటే నవ్వు చాలాసార్లు మాట్లాడేవాడిలో ఉండదు, పక్కన నిలబడి వినేవాడి ముఖంలో ఉంటుంది. కత్తెర పడేది ఆ ముఖం మీదే. పైనా కిందా నల్లపట్టీ ఉన్న కాపీ దొరికితే అదే తీసుకోండి, జూమ్ చేయకండి. ఇంకో లోపం వేగం. సెకనుకు 24 బొమ్మల సినిమాను టీవీ కోసం 25కు మార్చిన కాపీల్లో అంతా నాలుగు శాతం తొందరగా నడుస్తుంది. 150 నిమిషాల సినిమా 144లో అయిపోతుంది, గొంతులు కాస్త సన్నబడతాయి, మాటకూ మాటకూ మధ్య ఆగే ఆ చిన్న జాగా కరిగిపోతుంది. జంధ్యాల నవ్వంతా ఆ జాగాలోనే ఉంది.

చంటబ్బాయ్ (1986)లో జేమ్స్ పాండ్ అని చెప్పుకునే డిటెక్టివ్‌గా చిరంజీవి, కవితలతో చంపే శ్రీలక్ష్మి. ఇంటర్వెల్ దాటాక కథ సెంటిమెంటు వైపు జారి నెమ్మదిస్తుంది. మాయాబజార్ (1957)లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నడక చూస్తే ఎనిమిదేండ్ల పిల్లలు కూడా పడి నవ్వుతారు. 2010లో రంగులద్దిన ప్రతి కన్నా నలుపు తెలుపుదే బాగుంటుంది. ఈ మధ్యవాటిలో పెళ్ళిచూపులు (2016), ఈటీవీ విన్‌లో వచ్చిన ఆరు ఎపిసోడ్ల 90స్ మిడిల్ క్లాస్ బయోపిక్ (2024) కుటుంబంతో నిశ్చింతగా చూడొచ్చు. రెండోదాంట్లో లెక్కల మాస్టారు తండ్రిగా శివాజీని చూసి ఇంట్లో నాన్నలే ఎక్కువ నవ్వుతారు, కొంచెం ఇబ్బందిగా.

మాట వినపడక జోకు పోవడం అనేది ఎక్కువ ఇండ్లలో టీవీ తప్పే. కొత్త సినిమాల ఆడియో 5.1లో, అంటే ఆరు స్పీకర్ల పద్ధతిలో ఉంటుంది, మాటలన్నీ మధ్య స్పీకరుకు వెళ్లేలా. మీ టీవీలో ఉన్నవి రెండే స్పీకర్లు, అవీ కిందికి తిరిగినవి. అందుకే పాట రాగానే ఇల్లు అదురుతుంది, మాట రాగానే వాల్యూమ్ పెంచాల్సి వస్తుంది. యాప్‌లో స్టీరియో ట్రాక్ ఉంటే అది పెట్టండి. సౌండ్ బార్ తగిలించి ఉంటే టీవీ సెట్టింగుల్లో డిజిటల్ సౌండ్ అవుట్‌ను పీసీఎంకు (మామూలు స్టీరియోగా పంపే పద్ధతికి) మార్చి చూడండి. క్లియర్ వాయిస్ లాంటిది ఉంటే ఆన్ చేయండి. బొమ్మ సీరియల్‌లా జారుతున్నట్టు కనిపిస్తే ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో ఆపేయండి.

కార్టూన్లకు వస్తే, మాటలే లేనివి అన్నిటికన్నా గట్టివి. టామ్ అండ్ జెర్రీ అంటే అన్నీ ఒకటి కావు. వీటిని పుట్టించిన హన్నా, బార్బెరా స్వయంగా 1940 నుంచి 1958 దాకా తీసిన 114 చిన్న చిత్రాలే అసలైనవి. ఏడు ఆస్కార్లు వచ్చింది వీటికే. మొదటి కార్డు మీద ఆ ఇద్దరి పేర్లు ఉన్నాయా చూడండి. జెర్రీ మెడలో ఎర్ర బో కట్టుకొని టామ్‌తో దోస్తీ చేస్తుంటే అది 1975 నాటి టీవీ రకం. కొట్లాట లేని టామ్ అండ్ జెర్రీ ఉప్పు లేని పచ్చిపులుసు. షాన్ ద షీప్ (2007 నుంచి) మట్టిబొమ్మల లాంటి వాటిని కొద్దికొద్దిగా కదిలిస్తూ ఫొటోలు తీసి అల్లింది. ఎపిసోడ్ ఏడు నిమిషాలు, ఒక్క మాట ఉండదు. నాయనమ్మ, మనవడు కలిసి చూడ్డానికి దీన్ని మించింది లేదు. ఆగీ అండ్ ద కాక్రోచెస్ కూడా ఫ్రాన్స్‌లో పుట్టినప్పుడు మాటల్లేనిదే. మన దగ్గర హిందీలో సినిమా హీరోల గొంతులను అనుకరిస్తూ మాటలు అతికించారు. మ్యూట్ చేస్తే మంచి సంగీతం కూడా పోతుంది, కాబట్టి దొరికితే మూలమే చూడండి.

ఛోటా భీమ్ హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ తయారీ, 2008లో పోగోలో మొదలైంది. నవ్వంతా కాలియా, ఢోలు, భోలుల దగ్గరే ఉంది. మిగతాది రాక్షసుడు, లడ్డు, ఫైటు. ఎనిమిదేండ్లు దాటిన పిల్లలకు మూడో ఎపిసోడ్‌కే తెలిసిపోతుంది. షిన్‌చాన్ నిజంగా నవ్విస్తుంది, కానీ అమ్మకు ఎదురుచెప్పే మాటలు పిల్లల నోట తిరిగి వస్తాయి. పక్కన కూర్చొని చూడాలి. పిలగాండ్లు కార్టూన్లు హిందీలోనే చూస్తున్నారంటే చాలాసార్లు కారణం సెట్‌టాప్ బాక్సు. రిమోట్‌లో లాంగ్ లేదా ఆడియో బటన్ నొక్కితే, ఆ చానల్ తెలుగు ట్రాక్ ఇస్తుంటే అక్కడ కనిపిస్తుంది. ఒక్క భాషే చూపిస్తే ఆ చానల్‌లో తెలుగు లేనట్టే.

వయసు గుర్తులు: యూ/ఏ 7+, 13+, 16+ అన్న విభజన ఓటీటీలకు 2021 నిబంధనలతో, హాలు సినిమాలకు 2024 నవంబర్ నుంచి వచ్చింది. అంతకుముందు సినిమా మీద ఉత్త యూ/ఏ అని ఉంటే అది ఏడేండ్లకో పదహారేండ్లకో తెలియదు. ముందు పెద్దవాళ్లు పది నిమిషాలు చూడాలి.

డేటా లెక్క కూడా చూసుకోండి. నెట్‌ఫ్లిక్స్ చెప్పేదాని ప్రకారం మామూలు నాణ్యతకు గంటకు 1 జీబీ దాకా, హెచ్‌డీకి 3, 4కెకు 7 దాకా అవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌తో టీవీకి హాట్‌స్పాట్ ఇస్తే రెండున్నర గంటల సినిమా మామూలు నాణ్యతలోనూ పూర్తికాదు. వైఫై ఉన్న చోట ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోవడం మేలు. అయితే డౌన్‌లోడ్ చేసిన దాన్ని టీవీ మీదికి కాస్ట్ చేస్తే చాలా యాప్‌లు మళ్లీ నెట్ అడుగుతాయి. కేబుల్‌తో కలపాలంటే ఫోన్ టైప్‌-సి రంధ్రం వీడియో బయటికి ఇచ్చేదై ఉండాలి, తక్కువ ధర ఫోన్లలో చాలావరకు అది ఉండదు. అడాప్టర్ కొనేముందు ఫోన్ వివరాల్లో ఆ ఒక్క ముక్క చూసుకోండి.