గన్నేరు పురుగుకు సరిపోయి, రెక్కలకు చాలని మాక్రో లెన్సు

కడప ఎర్రముక్కపల్లెలోని మా ఇంటి ముంగిట నందివర్ధనం కొమ్మలు రాత్రికి రాత్రే మోడులవుతుంటే కారణం కనుక్కోవాలని, చిన్నవాటిని దగ్గరనుంచి పెద్దగా చూపే, సెల్‌ఫోనుకు తగిలించుకునే మాక్రో లెన్సును ఆన్‌లైన్‌లో 649 రూపాయలకు తెప్పించాను. నిజానికి దొంగను పట్టించింది లెన్సు కాదు, చెట్టు కింద రాలిన మిరియాలంత పెంటికలు. వాటికి సరిగ్గా పైనున్న కొమ్మకు వేలెడు పొడవున్న పచ్చని గొంగళిపురుగు వేలాడుతోంది. అది ఓలియాండర్ హాక్ మాత్ అనే చిమ్మట పిల్ల. శాస్త్రనామం డాఫ్నిస్ నీరియై.

లెన్సు విలువ ఆ తరువాతే తెలిసింది. తలకు కాస్త వెనుక నీలి చుక్కలుగా కనిపించేవి రెండూ లెన్సులో నల్లని అంచుతో, నడుమ తెల్లగా మెరిసే కనుగుడ్లుగా తేలాయి. కొమ్మను కదిలించగానే పురుగు తలను లోనికి ముడుచుకుని మెడను ఉబ్బించేసరికి ఆ గుడ్లు విచ్చుకుని, ఎదుట ఉన్నది పురుగో పాముపిల్లో తేల్చుకోలేనట్లయింది. ఈ జాతుల గొంగళులు ముందుభాగం ఎత్తి నిలిచే తీరు ఈజిప్టు స్ఫింక్స్ విగ్రహాన్ని తలపించడం వల్లనే వీటికి స్ఫింక్స్ మాత్‌లనే పేరు కూడా వచ్చింది. పక్కల వెంట సాగే తెల్లని గీత, దాని చుట్టూ చల్లినట్లున్న చుక్కలు, ఊపిరి పీల్చే నల్లని రంధ్రాలు, తోక దగ్గరి పొట్టి కొమ్ము కూడా స్పష్టంగా పడ్డాయి.

మేకలు సైతం మూతి పెట్టని గన్నేరు ఆకును, గుండెను ఆపగల విషంతో సహా, ఈ పురుగు నిశ్చింతగా అరిగించుకుంటుంది. నందివర్ధనం, బిళ్ళగన్నేరు కూడా ఆ కుటుంబానివే. ఆఫ్రికా, దక్షిణాసియా దీని సొంత నేల అయినా, వేసవిలో కొన్ని మధ్యధరా సముద్రం దాటి ఐరోపా దాకా వలస పోతాయి.

లెన్సు లోపం రెక్కలు వచ్చాక బయటపడింది. ఒళ్ళు గోధుమరంగుకు తిరిగిన పురుగును ఎండుటాకులు పరచిన డబ్బాలో ఉంచగా, పదహారో రాత్రి ముదురాకుపచ్చ పాలరాయిపై లేత గులాబీ పట్టీలు దిద్దినట్లున్న, దాదాపు పది సెంటీమీటర్ల వెడల్పు రెక్కల చిమ్మట బయటికి వచ్చింది. మూడు సెంటీమీటర్ల దూరంలో తప్ప ఫోకస్ నిలవని ఈ లెన్సులో ఒక రెక్క మూల మాత్రమే పట్టింది. సందెవేళ మల్లెపూల ముందు గాలిలో నిలిచి తేనె తాగే చిమ్మటను దీనితో తీయాలనుకోవడం వృథా ప్రయాస. అందుకు ఫోను కెమెరా ఒక్కటే నయం.

రెండు మూడు కెమెరాలున్న ఫోనైతే దగ్గరికి వెళ్ళగానే అది తనంతట తానే వేరే కెమెరాకు మారి తెర నల్లబడుతుంది కనుక, ముందే సెట్టింగులలో ఆ సదుపాయాన్ని ఆపివేయాలి. కవరు కూడా తీసివేయాలి. క్లిప్పు రబ్బరు రెండో నెలకే వదులైంది. గొంగళిపురుగుల కోసమైతే నాలుగు నక్షత్రాలు, చిమ్మటల కోసమైతే రెండు.