‘బ్యాకప్’ అని రాసి ఉంది కదా అని కొన్నాను, 11 నెలల ఫొటోలు పోయాయి

ఫోన్‌లో ఫొటోలు వాటంతటవే కంప్యూటర్‌లోకి చేరేలా చేసే యాప్ ఏదైనా డబ్బు కట్టి కొనబోతున్నారా? కాస్త ఆగి ఇది చదవండి. నేను కొన్న యాప్ పేరు చెప్పడం లేదు. ఇదే తీరున పనిచేసేవి చాలా ఉన్నాయి, ఒకదాని పేరు చెబితే మిగతావన్నీ మంచివే అనుకునే ప్రమాదం ఉంది.

యాప్ పేజీలో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్న మాట బ్యాకప్. ఒక్కసారి కడితే జీవితాంతం వాడుకోవచ్చన్నారు, కట్టేశాను. ఫోన్‌లో కెమెరా ఫోల్డర్‌ని ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్‌కి కలిపాను. వైఫైలో ఫొటోలు చకచకా వచ్చాయి, ఒక్కోదాని పక్కన పచ్చ టిక్కు పడింది. మొదటి వారం రోజూ చూసుకున్నాను. తర్వాత నమ్మకం కుదిరి చూడటం మానేశాను.

11 నెలలకి ఫోన్ నిండిపోయింది. ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే అన్నీ ఉన్నాయి, పచ్చ టిక్కులు బారులు తీరి కనిపిస్తున్నాయి. ఇంకేం భయం అనుకుని ఫోన్‌లో పాతవన్నీ ఎంచుకుని డిలీట్ చేశాను. గ్యాలరీలో ట్రాష్ కూడా ఖాళీ చేశాను, అది చేస్తేనే కదా జాగా వచ్చేది. సాయంత్రం ల్యాప్‌టాప్ తెరిస్తే మూడు వేల పైచిలుకు ఉండాల్సిన ఫోల్డర్‌లో 40 ఫొటోలు ఉన్నాయి. స్క్రీన్ సరిగా లోడ్ కాలేదేమో అని నాలుగుసార్లు రిఫ్రెష్ కొట్టాను. పాప మొదటి అడుగులు వేసిన వీడియో కూడా అందులోనే ఉండేది.

జరిగింది ఇదీ. ఆ యాప్ చేస్తున్నది బ్యాకప్ కాదు, రెండు వైపులా సింక్. సింక్ అంటే రెండు చోట్లా ఒకేలా ఉంచడం. ఇక్కడ కొత్తది వస్తే అక్కడికీ వస్తుంది, ఇక్కడ పోతే అక్కడా పోతుంది. అద్దం లాంటిది, మనిషి పక్కకి జరిగాక అద్దంలో బొమ్మ మిగలదు. ఇక్కడ పోయినా అక్కడ మిగిలి ఉంటేనే దాన్ని బ్యాకప్ అనాలి. ‘డిలీట్ చేసినవి రెండో వైపు కూడా తీసెయ్యి’ అనే టిక్కు, సెట్టింగ్స్‌లో లోపల్లోపల ఎక్కడో, ముందే పెట్టి ఉంది. పేజీ మీద బ్యాకప్ అని రాసినవాళ్లు ఆ టిక్కు సంగతి అదే పేజీలో ఎందుకు రాయలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అర్థం కాకేం, అర్థమైంది.

రీసైకిల్ బిన్ చూశాను, ఖాళీ. మనం చేత్తో డిలీట్ చేసినవి అందులోకి వెళ్తాయి గానీ, ఒక ప్రోగ్రామ్ నేరుగా తీసేసినవి సాధారణంగా వెళ్లవు. ఆ ఏర్పాటు ప్రోగ్రామ్ రాసినవాళ్లు చెయ్యాలి, వీళ్లు చెయ్యలేదు. పైగా నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం డిస్క్. డిలీట్ అయిన జాగాని ట్రిమ్ అనే పద్ధతిలో అదే తుడిచేసుకుంటుంది కాబట్టి, పాత హార్డ్ డిస్క్‌లో లాగా తవ్వి తీసే అవకాశం దాదాపు లేదు.

కంపెనీకి మెయిల్ పెడితే నాలుగు రోజులకి జవాబొచ్చింది. సింక్ సరిగ్గానే పనిచేసిందట! రీఫండ్ అడిగితే గడువు దాటిపోయిందన్నారు. నిజమే, దాటింది. బ్యాకప్ యాప్ బాగా లేదని తెలిసేది అవసరం పడ్డ రోజునే, అప్పటికి ఏ గడువైనా దాటే ఉంటుంది.

ఆ టెన్షన్‌లో ఇంకో తప్పు చేశాను. పోయిన ఫొటోలు తిరిగి తెస్తామనే యాప్ ఒకటి ఫోన్‌లో వేశాను. స్కాన్ చేసి వందల ఫొటోలు చూపించింది, ప్రాణం లేచొచ్చింది. డబ్బు కట్టాక చూస్తే అన్నీ వేలిగోరంత మసక బొమ్మలు. గ్యాలరీ తన వాడకానికి దాచుకునే థంబ్‌నెయిల్స్ అవి, అసలు ఫొటోలు కావు. ఇప్పటి ఫోన్లలో స్టోరేజ్ అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు గుప్తంగా ఉంటుంది, ట్రాష్ కూడా ఖాళీ చేశాక మామూలు యాప్‌ల చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి ముందు డబ్బు కట్టు, తర్వాత ఫొటోలు అనే రికవరీ యాప్‌ల జోలికి వెళ్లకండి.

మిగిలినవి సర్దుకుంటుంటే ఇంకో సంగతి బయటపడింది. వాట్సాప్ ఫొటోలు కూడా ఆ యాప్ తీసుకుంటోందనే అనుకున్నాను, దానికీ పచ్చ టిక్కే ఉంది. ఆండ్రాయిడ్ 11 తర్వాత వాట్సాప్ తన ఫైళ్లని పాత చోటు నుంచి ‘ఆండ్రాయిడ్’ ఫోల్డర్‌లోని ‘మీడియా’ లోపలికి మార్చుకుంది. యాప్ మాత్రం పాత చోటునే కాపలా కాస్తోంది. ఖాళీ ఫోల్డర్‌ని విజయవంతంగా కాపీ చేసి ఇన్నాళ్లూ టిక్కు పెడుతూ వచ్చిందన్నమాట. ఒక రకంగా అదే మేలైంది, అవి ఫోన్‌లోనే మిగిలాయి. పాప వీడియో నేను చెల్లికి పంపి ఉండటంతో, నాణ్యత తగ్గినా, అలా దొరికింది.

కొనబోయేవాళ్లు ఉచిత ట్రయల్‌లోనే ఈ పరీక్ష చెయ్యండి. అసలు ఫొటోలు కాకుండా, పోయినా ఫర్వాలేని ఫైళ్లు ఐదారు వేసిన ఒక ఫోల్డర్ ఇవ్వండి. అవి కంప్యూటర్‌లోకి చేరాక ఫోన్‌లో రెండు డిలీట్ చేసి ఒక రోజు ఆగండి. కంప్యూటర్‌లో కూడా పోతే, పేరు ఏదైనా అది బ్యాకప్ కాదు. తర్వాత పెద్ద వీడియో ఒకటి వెళ్తుండగా మధ్యలో వైఫై ఆపేసి, మళ్లీ పెట్టి, కంప్యూటర్‌లో ఆ వీడియోని చివరిదాకా ప్లే చేసి చూడండి. సగం ఫైలుకి కూడా టిక్కు పెట్టే ఘనులున్నారు. మీ ఫోన్ ఒప్పుకుంటే, పేరులో కోలన్ (:) గుర్తు ఉన్న ఫైలు ఒకటి పెట్టండి. అలాంటి పేర్లు విండోస్ ఒప్పుకోదు, దాన్ని చెప్పకుండా వదిలేస్తుందో, తప్పు చూపిస్తుందో తెలుస్తుంది. ఎఫ్‌ఏటీ32 (FAT32) అనే పాత ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి పంపేవాళ్లు 4 జీబీకి మించిన వీడియో అందులో పట్టదని గుర్తుంచుకోవాలి. ఫోన్ బ్యాటరీ పొదుపు సెట్టింగ్ యాప్‌ని నిద్రపుచ్చుతుందేమో కూడా చూడండి, నాది ఒకసారి తొమ్మిది రోజులు పడుకుంది.

ఐఫోన్ ఉన్నవాళ్లకి ఒక మాట. ఐక్లౌడ్ ఫొటోలు వాడుతూ ‘ఆప్టిమైజ్’ అనే స్టోరేజ్ ఎంపిక పెట్టి ఉంటే, జాగా తగ్గినప్పుడు ఫోన్‌లో చిన్న నకళ్లే మిగులుతాయి, అసలువి ఐక్లౌడ్‌లో ఉంటాయి. కేబుల్ పెట్టి కాపీ చేస్తే అన్నీ వచ్చేశాయనుకోకండి, లెక్క చూసుకోండి.

ఇప్పుడు నేను సింక్‌థింగ్ అనే సింక్ ప్రోగ్రామ్ వాడుతున్నాను. ఉచితం. ఇది మంచి బ్యాకప్ సాధనం కాదని వాళ్ల సహాయ పేజీల్లో వాళ్లే రాసుకున్నారు, ఆ నిజాయితీ నచ్చింది. అందులో ఫైల్ వెర్షనింగ్‌ని కంప్యూటర్ వైపు మనమే ఆన్ చేసుకోవాలి. చేశాక, ఫోన్‌లో తీసేసినవి కంప్యూటర్‌లో వేరే చోట దాచి ఉంచుతుంది. దాంతో పాటు నెలకోసారి అంతా ఒక విడి డిస్క్‌లోకి చేత్తో కాపీ చేసి, కేబుల్ పీకేసి పెడుతున్నాను. పీకేసిన డిస్క్ జోలికి ఏ యాప్ డిలీట్ వెళ్లలేదు.

మీకు ఇది ఇప్పుడే, ఈ గంటలోనే జరిగి ఉంటే: ముందు రెండు వైపులా వైఫై ఆపండి. తర్వాత యాప్‌ని ఆపండి, అన్‌ఇన్‌స్టాల్ మాత్రం చెయ్యొద్దు, కొన్ని యాప్‌లు తీసేసినవి తమ సొంత ఫోల్డర్‌లో దాస్తాయి. ఫోన్ గ్యాలరీలో ట్రాష్ ఖాళీ చెయ్యకండి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి ట్రాష్‌లో 60 రోజులు, ఐఫోన్‌లో డిలీట్ చేసినవి ఇంచుమించు 30 రోజులు ఉంటాయి, అక్కడ వెతకండి. దొరికినవాటిని ఆ సింక్ ఫోల్డర్‌లోకి కాకుండా వేరే చోటికి తీసుకోండి.